గడప దాటిన వైద్యము

తిరుపతిలో అలిపిరియొద్ద తెల్లవారుజామున నిలిచి చూచినవారికి ప్రతిదినము ఒక దృశ్యము కానవచ్చును. చంకబిడ్డలతో తల్లులు, నెత్తిన మూటలతో పల్లెటూరివారు, చేతికఱ్ఱ యూతగా వృద్ధులు గోవిందనామము పలుకుచు మెట్లెక్కుచుందురు. ఆ మెట్లు 3,550. దారి దాదాపు 9 కిలోమీటర్లు. మోకాలిమెట్టు చేరునప్పటికి కాళ్లు పీకును, ఊపిరి బరువగును. అయినను వెనుదిరుగువారు అరుదు. కాళ్లలో సత్తువ యున్నవారికి కొండ యొక మ్రొక్కుబడి. ఎక్కుటలోని శ్రమయే దాని పుణ్యము.

ఆ కొండక్రిందనే, తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెలలో, తమ యింటి గడపయే కొండయైనవారు ఎందరో యున్నారు. పక్షవాతముతో ఒక చేయి, ఒక కాలు పడిపోయినవారు. మామిడికాయలు కోయుచు చెట్టునుండి పడి వెన్నెముక విరిగినవారు. పసితనమున పోలియో సోకి కాలు చిక్కిపోయినవారు. కుష్ఠు నయమైనను వ్రేళ్లు వంగిపోయినవారు. మధుమేహమువలన పాదము పోగొట్టుకొన్నవారు. వీరికి వాకిలి దాటి వీధిలోనికి వచ్చుటయే యొక యాత్ర. ఆ యాత్రలో చేయిపట్టి నడిపించువారు కావలెను. ఆ చేయి ఎవరిది? ఆసుపత్రిదా, ఇంటివారిదా, ఊరిదా? వైద్యము నేర్పు విశ్వవిద్యాలయమునకు అందు పాలు కలదా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు తిరుపతికంటె తగిన పట్టణము తెలుగునాట అరుదు.

మాటలోని మర్మము

రోగము కుదిరిన తరువాత మనుష్యుని తిరిగి నిలబెట్టు కార్యమునకు తెలుగున పునరావాసమను పేరు స్థిరపడినది. మరల నివసించుట యని దాని అర్థము. జలాశయము క్రింద ఊరు మునిగినవారికి వేఱొకచోట ఇండ్లు కట్టించుటయు పునరావాసమే. వరదలో గుడిసె పోయినవారికి పాక వేయించుటయు పునరావాసమే. కాని కాలు పోయినవానికి పోయినది ఇల్లు కాదు. ఇల్లు ఉన్నది, అందు తిరుగు శక్తి పోయినది. ఇంగ్లీషువారు ఈ కార్యమునకు వాడు మాట లాటిను భాషలో సమర్థుడు, తగినవాడు అను అర్థమిచ్చు పదమునుండి పుట్టినది. ఆ లెక్కను తెలుగున దీనిని మరల సమర్థుని చేయుట యనవలెను. మాట చిన్నది కాదు గనుక వాడుకలోనికి రాలేదు. మాట మారకపోయినను భావము మారుట అవసరము.

మంచము చూపి, కూడు పెట్టి, మూల కూర్చుండబెట్టుట పునరావాసము కాదు. తన బట్ట తాను కట్టుకొనుట, తన ముద్ద తాను కలుపుకొనుట, తన కూలి తాను సంపాదించుకొనుట, పెండ్లికిని చావుకును నలుగురితోపాటు వెళ్లుట, ఇవి తిరిగి చేతికి వచ్చుటయే పునరావాసము. ప్రాణము నిలుపుట వైద్యములో సగము. నిలిచిన ప్రాణమునకు బ్రతుకు నిచ్చుట తక్కిన సగము.

ఇట్టిదే సముదాయ ఆరోగ్యమను మాట. ఎదుట కూర్చున్న రోగి నాడి చూచుట యొక విద్య. ఆ రోగి రాకముందే ఊరి నాడి చూచుట వేఱొక విద్య. బావినీరు ఎట్లున్నది, గర్భిణి ఏమి తినుచున్నది, బిడ్డకు టీకాలు పడినవా, పెద్దవారి రక్తపుపోటు ఏడాదికొక్కమారైన నెవరైన చూచినారా అని విచారించుట దీని పని. మొదటిది రోగము రాకుండ కాచును. పునరావాసము రోగము పోయిన తరువాత మిగిలిన వెలితిని పూరించును. ఆసుపత్రి ఈ రెండింటి నడుమ నున్నది. ముందు వెనుకలు లేని ఆసుపత్రి గోడలులేని వాకిలివంటిది.

సరిహద్దు కిరువైపుల

1911 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము చిత్తూరు జిల్లా లేదు. చిత్తూరు పట్టణము ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యస్థానముగా నుండెను. వేలూరు, గుడియాత్తము, పలమనేరు అప్పుడొకే జిల్లాలోని ఊళ్లు. అందుచే ఈ సీమలో జనులను వెదకికొని వచ్చిన వైద్యముయొక్క కథ వేలూరుతో మొదలగును. ఐడా స్కడ్డరు అను అమెరికా వనిత అక్కడ 1900లో ఒకే మంచముతో చికిత్సాలయము తెరచెను. ఆమె వైద్యవిద్య నభ్యసించుటకు కారణము ఒక రాత్రి జరిగిన మూడు మరణములు. ప్రసవవేదన పడుచున్న ముగ్గురు స్త్రీల భర్తలు ఒకరి తరువాత నొకరు ఆమె సహాయము కోరి వచ్చిరి. ఆమె అప్పటికి వైద్యురాలు కాదు. వైద్యుడు ఆమె తండ్రి. పరపురుషుడు తమ ఇంటి స్త్రీని చూచుటకు వారొప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి.

వైద్యము పట్టణములో నున్నంత మాత్రమున ఇంటికి చేరదని ఆ రాత్రి తెలిపెను. దానిని ఆమె మరువలేదు. ఆసుపత్రి పెరిగిన తరువాతను వేలూరునుండి గుడియాత్తము పోవు దారిలో వారము వారము బయలుదేరి, చెట్లనీడల నాగి, అక్కడ కాచుకొనియున్న పల్లెవారికి మందులిచ్చి పుండ్లు కట్టెడి ఏర్పాటు చేసెను. 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల నెలకొల్పెను. అందు చదువుకొన్న బాలికలకు ఆ చెట్లనీడయు నొక తరగతిగది. నేటి క్రైస్తవ వైద్యకళాశాలకు మూలమిదియే.

నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు సమీపమున 1915లో ఆరోగ్యవరము క్షయచికిత్సాలయము తెరువబడెను. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియను ఫ్రిమాట్ మోలరు దాని తొలి అధిపతి. క్షయకు మందులేని కాలమది. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవే చికిత్స. దూరప్రాంతములనుండి రోగులు వచ్చి నెలల తరబడి ఆ కొండగాలిలో గడుపుచుండిరి. రోగిని ఇంటినుండి దూరముగా తెచ్చుటయే అప్పటి వైద్యము.

1956లో మదరాసునందు ప్రారంభమైన క్షయచికిత్సా పరిశోధన ఈ భావమును తలక్రిందులు చేసెను. క్రొత్త మందులు వచ్చిన తరువాత, ఇరుకైన పేద యిండ్లలో నుండి మందు తిన్నవారును, శానటోరియములో నుండి తిన్నవారును ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. ఇంటిలోని తక్కినవారికి రోగము సోకుటయు అధికము కాలేదు. 1959లో వెలువడిన ఆ ఫలితములు ప్రపంచమంతటను క్షయచికిత్స తీరును మార్చినవి. అందలి పాఠము సులభము. రోగిని ఇంటినుండి పెకలింపనక్కఱలేదు; కాని మందు ఇంటికి చేరవలెను, దానిని మధ్యలో మానకుండ చూచు మనిషి యుండవలెను. ఆ రెండవ భాగము మరచినచో మొదటి భాగము వ్యర్థము.

అడుక్కొనుటకు పనికిరాని చేతులు

పునరావాసమునకు ఈ సీమలో మరల వేలూరే పాఠశాల యైనది. 1946లో అక్కడికి వచ్చిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల చేతులను పరిశీలించి యొక సత్యమును కనుగొనెను. ఆ వ్రేళ్లు రోగముచే కుళ్లి రాలుటలేదు. స్పర్శజ్ఞానము పోవుటచే కాలినను, కోసికొన్నను తెలియక దెబ్బతినుచున్నవి. నొప్పి మనుష్యునకు శత్రువు కాదు, కావలివాడు. ఆ కావలివాడు పోయిన యింటిలో దొంగలు పడినట్లు గాయములు పడుచున్నవి. ఆయన 1948నుండి ఆరోగ్యముగా నున్న కండర బంధములను త్రిప్పి కట్టి, వంగిపోయిన వ్రేళ్లకు తిరిగి చలనము తెప్పించెను.

తరువాత జరిగినదే ఈ చరిత్రలో ముఖ్యమైనది. చేతులు బాగుపడిన రోగులలో కొందఱు తిరిగి వచ్చి ఆయనతో మొఱపెట్టుకొనిరి. వంకరచేతులు చాచినప్పుడు బిచ్చము పడెడిది. ఇప్పుడు చేతులు బాగున్నవని ఎవరును వేయుటలేదు. కుష్ఠు పేరు చెప్పిన పనియు నెవరును ఇయ్యరు. వైద్యుడు చేయి నిచ్చెను, కాని ఆ చేతికి పని లేదు. శస్త్రచికిత్స గెలిచినది, బ్రతుకు ఓడినది. ఆ మొఱ విన్న తరువాతనే 1951లో నవజీవన నిలయము వెలసెను. కుష్ఠువలన చేతులు పోయి తిరిగి సంపాదించుకొన్నవారు అక్కడ వడ్రంగము మొదలగు పనులు నేర్చి, స్పర్శలేని చేతితో పనిముట్టును గాయపడకుండ పట్టుకొనుట అభ్యసించిరి.

బ్రాండు శిష్యురాలు మేరీ వర్గీసు కథ ఇంకను విలువైనది. 1954లో మోటారు ప్రమాదమున ఆమె వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింది భాగము చచ్చుబడెను. నిలువలేని వైద్యురాలు ఏమి చేయగలదని లోకము అనుకొనెను. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత అమెరికాలో పునరావాస వైద్యము నభ్యసించి తిరిగివచ్చి, ఆ శాఖను వేలూరున వృద్ధిచేసెను. 1966లో అక్కడ పునరావాస సంస్థ ప్రారంభమైనది. 1972లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. వెన్నెముక విరిగివచ్చిన కూలివానికి, నీవింకను పనికివత్తువని చెప్పుటకు ఆమెకంటె అధికారము కలవా రెవరు?

కొండక్రింది విశ్వవిద్యాలయము

తిరుపతిలో 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1960లో శ్రీవేంకటేశ్వర వైద్యకళాశాల వెలసినవి. కళాశాలకు అనుబంధమైన రామనారాయణ రుయా ఆసుపత్రి రాయలసీమ పేదలకు పెద్దదిక్కైనది. రుయాకు పోదము అనునది నేటికిని ఈ ప్రాంతమున కష్టకాలపు మాట. 1985లో తిరుమల తిరుపతి దేవస్థానములు వికలాంగుల శస్త్రచికిత్సకును, పరిశోధనకును, పునరావాసమునకును బర్డ్ ఆసుపత్రిని స్థాపించినవి. పోలియో కాళ్లతో ప్రాకుచు వచ్చిన పిల్లలు లోహపు పట్టీలు కట్టుకొని, ఊతకఱ్ఱలతో లేచి నిలుచుట ఆ ఆవరణ చూచిన దృశ్యము. 1993లో శ్రీవేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ పని ప్రారంభించెను. జనులు దానిని స్విమ్స్ అందురు. రాష్ట్ర శాసనసభ చేసిన చట్టముచే 1995లో అది విశ్వవిద్యాలయ మాయెను. నర్సింగు, ఫిజియోథెరపీ కళాశాలలు అందు భాగములు. 2014లో శ్రీపద్మావతి మహిళా వైద్యకళాశాల దానికి చేరెను.

ఇన్ని సంస్థలు ఒకచోట చేరుట అదృష్టమే. అయితే విశ్వవిద్యాలయమనగా పట్టాలిచ్చు కార్యాలయము కాదు. వైద్యవిశ్వవిద్యాలయమున విద్యార్థికి పుస్తకమెంతయో రోగియు అంతే. రోగి ఆసుపత్రిలో పడుకొనియున్నప్పుడు వానిలో సగమే కనబడును. వాని పొయ్యి, వాని అప్పు, వాని మెట్టు, వాని మరుగుదొడ్డి కనబడవు. ఈ లోపమును 1946లో భోరు సంఘము గుర్తించి, వైద్యవిద్యార్థులకు సమాజమునందలి ఆరోగ్యవిషయములలో ప్రత్యేకశిక్షణ ఉండవలెనని చెప్పెను. 1977లో వైద్యవిద్యను పల్లెలవైపు త్రిప్పు పథకము కేంద్రప్రభుత్వము తెచ్చెను. 1978లో ఆల్మా ఆటా నగరమున కూడిన దేశములు ప్రాథమిక ఆరోగ్యమే పునాది యని ప్రకటించినవి. దాని వెనువెంటనే, పునరావాసమును ఊరివారిచేతనే, ఊరిలోని వస్తువులతోనే జరిపింపవలెనను పద్ధతిని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రచారము చేసెను. వెదురుకఱ్ఱలు రెండు నాటి అడ్డకఱ్ఱ కట్టినచో నడక నేర్చుకొను బాట సిద్ధమగునని ఆ పద్ధతి నేర్పును.

2021-22 విద్యాసంవత్సరమున చేరినవారు మొదలుకొని దేశమంతటను వైద్యవిద్యార్థులు తలకు కొన్ని కుటుంబములను దత్తత తీసికొని, చదువు సాగుచుండగా వారి ఆరోగ్యమును కనిపెట్టి చూడవలెనని జాతీయ వైద్య కమీషను విధించెను. విద్యార్థి ఇంటి అరుగుమీద కూర్చుండి రక్తపుపోటు చూచును, బిడ్డను తూచును, అవ్వ కంటిలోని పొర గమనించును. స్త్రీలలో క్యాన్సరును ముందుగా పసికట్టుటకు స్విమ్స్ వారు పరీక్షాయంత్రములతో కూడిన గులాబిరంగు బస్సును ఊళ్లకు పంపుచున్నారు. నూఱు సంవత్సరములకు పూర్వము గుడియాత్తము దారిలో బండి చేసిన పనినే నేడు ఈ బస్సు వేఱొక తీరున చేయుచున్నది.

కలము పట్టిన చేయి

పునరావాసమెట్లు జరుగునో తెలియుటకు ఒక ఉదాహరణము ఊహింపవచ్చును. శ్రీకాళహస్తిలో కలంకారీ పనిచేయు ఏబదియేండ్ల స్త్రీ యొకతె. రక్తపుపోటు ఉన్నట్లు ఆమెకు తెలియదు. ఒక ఉదయము మాట తడబడెను, మూతి వంకరపోయెను, కుడిచేయి జారిపోయెను. రక్తనాళములో గడ్డ యడ్డుపడుటచే వచ్చిన పక్షవాతమైనచో, దానిని కరగించు మందు నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఇంటివారు గాలి సోకినదనుకొని మధ్యాహ్నము వరకు ఉంచినచో ఆ గడువు దాటిపోవును. ఇక్కడ ప్రాణమును, చేతిని కాపాడునది మందుకంటె ముందు తెలివిడి. సముదాయ ఆరోగ్యముయొక్క ప్రయోజనము ఇదియే.

ఆసుపత్రిలో వారము పది దినములు గడచి ఆమె ఇల్లు చేరినది. అసలు పని అప్పుడు మొదలగును. పక్షవాతము వచ్చిన తరువాత మొదటి మూడునెలలలోనే శరీరము వేగముగా కోలుకొనును. ఆ కాలమున ఇంటివారు ప్రేమచేత చేయు తప్పులు కొన్ని కలవు. పడిపోయిన చేతిని పట్టి లాగి లేవదీయుదురు. దానితో భుజము కీలు జారి తీరని నొప్పి కలుగును. కదలనీయక మంచముమీదనే యుంచుదురు. కీళ్లు బిగిసిపోవును, ఒంటిమీద పుండ్లు పడును. అన్నము తామే తినిపింతురు. ఎడమచేయి కూడ సోమరిదగును. ఫిజియోథెరపీ విద్యార్థి ఆ యింటికి వచ్చినచో చెప్పునవి పెద్ద మాటలు కావు. రెండు గంటల కొకమారు ప్రక్క మార్చుడు. జారిన నులకమంచము మాని గట్టి పడక వేయుడు. చేతిని లాగక వీపున చేయివేసి లేపుడు. గడపయొద్ద చిన్న ఏటవాలు పలక వేయుడు. మరుగుదొడ్డి గోడకు పట్టుకొనుటకు ఒక కడ్డీ బిగింపుడు.

తరువాత చేయి. పని ద్వారా చికిత్స చేయువారు చేతిని వట్టి బంతితో మాత్రమే సాధన చేయింపరు. ఆమె బ్రతుకు దేనిమీద నున్నదో దానినే ఔషధముగా వాడుదురు. కలంకారీ కలము వెదురుపుల్ల. దానికి గుడ్డ చుట్టి దారము కట్టుదురు. పట్టు సడలిన వ్రేళ్లకు ఆ పుల్ల సన్నము. మఱికొంత గుడ్డ చుట్టి పిడిని లావు చేసినచో చేతి కందును. మొదట గీత వంకరగా వచ్చును. నెల గడచిన తరువాత ఆకు వంటిది వచ్చును. మునుపటి సన్నని కన్నుబొమ్మ ఆమె మరల వ్రాయగలదో లేదో ఎవరును ముందుగా చెప్పలేరు. కాని రంగులు నింపగలదు, గుడ్డ ఉడికింపగలదు, చిన్నవారికి నేర్పగలదు. ఆమెకు కూలి వచ్చును. కూలితోపాటు ఇంటిలో ఆమె మాటకు విలువ తిరిగి వచ్చును.

తెగిన దారము

ఇంతవరకు చెప్పినది జరుగవలసిన తీరు. జరుగుచున్న తీరులో దారము పలుచోట్ల తెగుచున్నది. ఆసుపత్రి నుండి ఇంటికి పంపునప్పుడిచ్చు కాగితములో మందులపేళ్లుండును. మరల పదిదినములకు రమ్మని యుండును. కుప్పము ప్రాంతపు పల్లెనుండి తిరుపతికి రావలెనన్నచో బస్సులు మారవలెను. నడువలేని మనిషిని బస్సు మెట్లెక్కించుటకు ఇద్దఱు కావలెను. ఆ ఇద్దఱికిని ఆ దినపు కూలి పోవును. చికిత్స ఉచితమైనను రాకపోకలు ఉచితము కావు. మొదటిమారు వత్తురు, రెండవమారు అప్పుచేసి వత్తురు, మూడవమారు మానుకొందురు. రోగి నిర్లక్ష్యము చేసినాడని పుస్తకమున వ్రాసికొందురు. అది నిర్లక్ష్యము కాదు, లెక్క.

శిబిరములు జరుగుచుండును. ఒక ఆదివారము షామియానా వేసి, చక్రాల కుర్చీలు పంచి, ఫొటోలు తీసికొని పోవుదురు. శిబిరము మంచిదే. కాని కుర్చీ చక్రము మూడునెలలకు ఊడిపోయినచో బిగించువారెవరు? పెరుగుచున్న పిల్లవాని కాలిపట్టీ పొట్టియగును, దానిని పొడిగించువారెవరు? కృత్రిమపాదము ఒరసి పుండు పడినప్పుడు చూచువారెవరు? పునరావాసము పండుగ కాదు, సేద్యము. విత్తిననాడే పంట చూడగోరువాడు సేద్యగాడు కాడు.

స్త్రీల విషయము మఱింత కఠినము. పురుషుడు మంచమెక్కినచో భార్య సేవచేయును. భార్య మంచమెక్కినచో ఆమె సేవ చిన్నకూతురి మీద పడును, ఆ కూతురి చదువు అంతటితో ఆగును. ఒకరికి వచ్చిన వైకల్యము ఇద్దఱి బ్రతుకులను కూర్చుండబెట్టును. తల్లిని ఆరునెలలలో తన పని తాను చేసికొనునట్లు చేయు ఫిజియోథెరపీ ఆ బాలికను బడికి పంపుటయే యగును.

దూరమును జయించుటకు యంత్రములు తోడ్పడుచున్నవి. 2000లో చిత్తూరు జిల్లా అరగొండలో, ఆ ఊరివారైన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డి స్థాపించిన అపోలో సంస్థ గ్రామీణ టెలీమెడిసిన్ కేంద్రము తెరచెను. దూరమున నున్న నిపుణుడు తెరమీద రోగిని చూచుట నేడు వింత కాదు. కాని తెర చూడగలదు, చెప్పగలదు. భుజము క్రింద చేయివేసి లేపలేదు. ఆ చేయి ఊరిలోనే యుండవలెను. ఆశా కార్యకర్త, నర్సు, పొరుగింటి కుఱ్ఱవాడు, ఎవరైనను కావచ్చును. వారికి నేర్పు భారము మాత్రము విశ్వవిద్యాలయముది.

పుత్తూరు కట్టు చెప్పు పాఠము

ఈ సీమలో ఎముక విరిగినవారు మొదట తలచునది పుత్తూరు కట్టును. పుత్తూరు సమీపమున రాచపాళెమునందు ఒక కుటుంబమువారు తరతరములుగా ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డతో కట్లు కట్టుచున్నారు. తమిళ, కన్నడ దేశములనుండియు జనులక్కడికి వత్తురు. ఎముక చర్మము చీల్చుకొని బయటికి వచ్చినప్పుడును, వెన్నెముక దెబ్బతిన్నప్పుడును, గాయము క్రింద చేయి చల్లబడి నీలమైనప్పుడును ఆలస్యము చేయక ఆసుపత్రికే పోవలెను. అందు సందేహము లేదు. అయినను పుత్తూరు మార్గమునుండి ఆధునికవైద్యము నేర్వదగినది యొకటి కలదు. అక్కడ మాట రోగి భాషలో నుండును. ఖర్చు ముందే తెలియును. తోడు వచ్చినవారికి మరల ఎప్పుడు రావలెనో, ఏమి చేయరాదో అర్థమగునట్లు చెప్పుదురు. నమ్మకము యంత్రములతో రాదు, మాటతో వచ్చును. పల్లెకు పోవు వైద్యవిద్యార్థి సంచిలో మొట్టమొదట నుండవలసిన పరికరము తెలుగుమాట.

బడి చేయగల పని

2011 జనవరి 13వ తేదీ తరువాత భారతదేశమున సహజమైన పోలియో క్రిమివలన ఒక్క బిడ్డయు పడలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని ధ్రువీకరించెను. ఇంటింటికి తిరిగి రెండు చుక్కలు వేసిన వారిలో ఉపాధ్యాయులు, అంగనవాడి కార్యకర్తలు ఎందరో కలరు. కాని అంతకుముందు పోలియో సోకిన బిడ్డలు నేడు పెద్దవారై, నడివయస్సులో మరల కండరముల నిస్సత్తువకు లోనగుచున్నారు. రోగము పోయినను రోగులు మిగిలియున్నారు. కుష్ఠు విషయమును అట్టిదే. బ్రాండు చెప్పిన స్పర్శలేని పాదముయొక్క కథ నేడు మధుమేహరోగుల కథ యైనది. ప్రతిరాత్రి పాదము త్రిప్పి చూచుకొనుట, మెత్తని చెప్పులు తొడుగుట, వేడినీటిని కాలితో గాక మోచేతితో పరీక్షించుట, ఇవి నాడు కుష్ఠురోగులకు నేర్పిన పాఠములు. వానివలననే నేడు మధుమేహరోగుల కాళ్లు నిలుచుచున్నవి.

చట్టమును ముందునకు నడచినది. 1995నాటి వికలాంగుల చట్టము 7 విధముల వైకల్యములను గుర్తింపగా, 2016నాటి చట్టము 21 విధములను గుర్తించెను. సదరం ధ్రువపత్రము చేతికి వచ్చిన పింఛను వచ్చును. పింఛను అవసరమే, కాని పింఛనుతో కథ ముగిసినదనుకొనుట, బ్రాండు రోగులకు బిచ్చము పడినది గదా యని తృప్తిపడుట వంటిది.

బడిలో ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కఱలేదు. తరగతిలో పిలిచిన పలుకని పిల్లవాడు పెంకెవాడో, చెవిటివాడో మొదట గమనింపగలవాడు ఉపాధ్యాయుడే. నల్లబల్లమీది అక్షరములకు కన్నులు చికిలించు బాలికను, మెట్లెక్కుచు మాటిమాటికి మోకాళ్లు పట్టుకొను బాలుని కనిపెట్టగలవాడును అతడే. చెవుడు పసితనముననే తెలిసినచో మాట నేర్పవచ్చును. అందుకై తిరుపతిలో దేవస్థానమువారి శ్రవణము వంటి సంస్థలున్నవి. బడివాకిట ఒక ఏటవాలు దారి వేయించుట, చక్రాల కుర్చీ పిల్లవాని తరగతిని మేడమీదనుండి క్రిందికి మార్చుట, ఇవి నిధులకొఱకు కాచుకొను పనులు కావు. విద్యార్థులును ఒక పని చేయవచ్చును. తమ వీధిలో ఎన్ని ఇండ్లలో మంచముపట్టినవారున్నారో లెక్కించి, వారి పేళ్లను ఆశా కార్యకర్తకు అందించినచో, అది ఏ పరీక్షకును తీసిపోని విద్య.

అలిపిరి మెట్లు ఎక్కువానికి దారిపొడుగున నీడయున్నది, నీరున్నది, తోటియాత్రికుల గోవిందనామమున్నది. ఒంటరిగా ఎక్కుచున్నానను భావము వానికి కలుగదు. తన ఇంటిలో, తన గడపముందు, ఊతకఱ్ఱ చేతబట్టి నిలిచినవానికిని అట్టి తోడు కావలెను. వాని ముందున్న మెట్టు ఒక్కటియే. దానిని వాడు దాటిననాడు వీధిలో నిలిచి చూచిన పొరుగువాడు, నేర్పిన విద్యార్థి, పంపిన విశ్వవిద్యాలయము, అందఱును ఆ అడుగులో పాలు పంచుకొన్నవారే యగుదురు.